కిల్న్ చల్లారిన వారం

ఆ సోమవారం ఉదయం దండెం మీది బట్టలు తీయడానికి పెరట్లోకి వెళ్లాను. చిన్నాడి స్కూలు చొక్కా చేతిలోకి తీసుకుని అలాగే నిలబడిపోయాను. దాని మీద మసి లేదు.

నాలుగేళ్లుగా నేను ఆ మసితో యుద్ధం చేస్తున్నాను. తెల్లవి ఆరేస్తే తెల్లారేసరికి బూడిద రంగులోకి మారేవి. ఒక్కోటీ విదిలించి, ఊది, మడతపెట్టేదాన్ని. మా ఫ్యాక్టరీ మేనేజరు ఎదురుపడితే రెండుసార్లు మొహం మీదే అడిగాను, రాత్రిపూట చిమ్నీకున్న పొగ ఫిల్టరు ఎందుకు ఆపేస్తారని. అలాంటిదాన్ని, చొక్కా తెల్లగా ఉంటే సంతోషపడాలి. కానీ సంతోషం రాలేదు. తల ఎత్తి చూస్తే చిమ్నీ మీద ఆకాశం శుభ్రంగా ఉంది. అప్పుడు తెలిసింది, పగలూ రాత్రీ చెవుల్లో ఉండే ఫ్యాక్టరీ చప్పుడు కూడా లేదని.

జగదల్‌పూర్ నుంచి గీదం వెళ్లే రోడ్డు పక్కన మాదో చిన్న ఫ్యాక్టరీ. బైలాడిల్లా కొండల నుంచి వచ్చే ఇనుప రాయిని బొగ్గుతో కలిపి కాల్చి, స్పాంజి ఇనుము చేస్తారు. అంతా జరిగేది ఒక పొడవాటి ఇనప గొట్టంలో. పడుకోబెట్టిన గొట్టం, లోపల మనిషి నిలబడి నడవగలిగినంత వెడల్పు. అది మెల్లగా తిరుగుతూనే ఉంటుంది. ఒక చివర రాయీ బొగ్గూ పోస్తే ఇంకో చివర నల్లటి ఇనుము పడుతుంది. దాన్ని అందరూ కిల్న్ అంటారు, పనివాళ్లు భట్టీ అంటారు. ఫ్యాక్టరీ గోడ వెనకే మా లైను ఇళ్లు. మా ఆయన షిఫ్టు ఇన్‌చార్జి. పెళ్లికి ముందు నుంచీ నేనూ అక్కడే ల్యాబులో చేశాను.

మా నాన్నది బొబ్బిలి దగ్గర పల్లె. కిరండూల్ లైనులో రైల్వే గ్యాంగులో పనిచేసి ఇక్కడే ఉండిపోయారు. నేను పుట్టింది రైల్వే క్వార్టర్లలో. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో హల్బీ. జగదల్‌పూర్‌లో బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. ల్యాబులో నా పని బొగ్గు పొడిని చిన్న పింగాణీ మూసలో కాల్చి, మిగిలిన బూడిద తూచడం. ఆ పని నాకు ఇష్టంగా ఉండేది. మూస చల్లారేదాకా ముట్టుకోకూడదని మొదటి రోజే నేర్పారు. వేడి మూసని తూస్తే త్రాసు అబద్ధం చెబుతుంది. చిన్నాడు పుట్టాక మానేశాను.

చిమ్నీ ఎందుకు ఆరిందో చెప్పాలంటే ఓడల దాకా వెళ్లాలి.

మేం కాల్చే బొగ్గు ఇక్కడిది కాదు. సముద్రం అవతల ఒక దేశం నుంచి విశాఖపట్నం రేవుకి వచ్చి, అక్కడి నుంచి లారీల్లో ఘాట్లెక్కి మా దగ్గరికి వచ్చేది. ఆ సంవత్సరం ఇంకెక్కడో రెండు పొరుగు దేశాలకి తగువు వచ్చింది. ముందు సుంకాల మీద, తర్వాత మాటల మీద, చివరికి ఒకరి బొగ్గు ఓడలని ఇంకొకరు రేవులోకి రానివ్వకుండా నిలిపేసేదాకా. నిలిపేసిన దేశానికి కూడా పొయ్యిలు వెలగాలి కదా. వాళ్లు మాకు బొగ్గు అమ్మే దేశం దగ్గరికి వెళ్లి, మేమిచ్చేదానికన్నా చాలా ఎక్కువిస్తామన్నారు. అంతే, మా ఓడలు వాళ్లవైపు తిరిగాయి. ఇందులో మా పేరు ఎవరికీ తెలియదు. బస్తర్ అనే చోటుందని కూడా ఆ తగువులాడుకునేవాళ్లకి తెలిసి ఉండదు.

పక్కింటి అమ్మాయికి ఇది చెప్పడానికి నేను చాలా కష్టపడ్డాను. వాళ్లు దోర్ల తెగవాళ్లు, తెలుగు సరిహద్దున కొంటా వైపు వాళ్లు. ఆమె మొగుడు మా ఆయన షిఫ్టులో భట్టీ మీద పనిచేసేవాడు. నన్ను అక్కా అనేది. ఆమె కూతురూ మా పెద్దదీ ఒకే తరగతి.

"వాళ్లు వాళ్లు తన్నుకుంటే మన పొయ్యి ఏందక్కా ఆరేది?" అంది.

"రెండిళ్ల వాళ్లు పోట్లాడుకున్నారనుకో. ఒకళ్లు రెండోవాళ్ల బోరింగు నీళ్లు ముట్టుకోం అన్నారు. ఇప్పుడు బిందెలు పట్టుకుని మన బోరింగు దగ్గరికొచ్చారు. బిందెకి రెట్టింపు ఇస్తామంటున్నారు."

"మన బోరింగు మనదే గదా?"

"మనది కాదు. మనమూ కొనుక్కునేవాళ్లమే."

ఆమె నవ్వింది. "అయితే పోట్లాడుకున్నోళ్లకి నీళ్లున్నయి, ఊకున్నోళ్లకి లెవ్వు. మంచిగుంది అక్కా లెక్క."

ఓడ బొగ్గు తగ్గిపోయాక మేనేజరు దగ్గరి గనుల బొగ్గు తెప్పించి అందులో కలపమన్నాడు. దానిలో బూడిద ఎక్కువ. ల్యాబులో ఉన్నప్పుడు దాన్నీ కాల్చి చూశాను. ఓడ బొగ్గు బూడిద పొడిపొడిగా రాలేది, దీని బూడిద కరిగి మూసకి అంటుకునేది, గోకితే కానీ వచ్చేది కాదు. మా ఆయనకి తెలుసు. మేనేజరుకీ తెలుసు. కానీ వేరే బొగ్గు లేదు. మూడు వారాలు అలా నడిపారు. ఆ ఆదివారం రాత్రి గొట్టం నడుముకి రింగు కట్టింది. అంటే కరిగిన బూడిదా ఇనుమూ కలిసి లోపలి గోడ చుట్టూ రాయిలా పేరుకుపోయి, దారి మూసేసింది. ఆపక తప్పలేదు.

సోమవారం మధ్యాహ్నం ఇంటికొచ్చిన మా ఆయన కాళ్లు కడుక్కోకుండానే కూర్చున్నాడు.

"కట్టీసిందే రింగు. ఇంత మందం." చేత్తో మోచేతిదాకా చూపించాడు. "మనిషి లోపలికెళ్లి గునపాలతో కొట్టాల."

"ఎప్పుడు వెళ్తారు?"

"చల్లారాక. వారం పడతాది. కానీ మేనేజరు గురువారం అంటున్నాడు."

ఎందుకో చెప్పాడు. విశాఖకి ఒక ఓడ వస్తోందట, ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీలకి అదే చివరిది. వ్యాపారి షరతు పెట్టాడు. శనివారంలోగా ఎవరి కిల్న్ సిద్ధంగా ఉంటే వాళ్లకే బొగ్గు. లేనివాళ్లకి లేదు. మేనేజరు మనుషులందరినీ గేటు దగ్గర నిలబెట్టి ఆ మాటే చెప్పాడు. గురువారం పొద్దున్న లోపలికి దిగితే శుక్రవారానికి శుభ్రం, శనివారానికి నిప్పు. ఆలస్యమైతే గేటుకి తాళం.

కిల్న్ చల్లారిందో లేదో చూడడానికి మా వాళ్లకో పద్ధతి ఉంది. అడవిలో దొరికే సాల్వా చెట్టు ఆకులతో కుట్టిన దొప్పని నీళ్లలో ముంచి గొట్టం పైరేకు మీద అంటిస్తారు. ఆకు ముడుచుకుని గోధుమ రంగుకి తిరిగితే ఇంకా వేడి. పచ్చగా, మెత్తగా అలాగే అంటుకుని ఉంటే అరచేయి పెట్టి చూస్తారు. అరచేయి ఆగితే మనిషి దిగొచ్చు. వేడి కొలిచే పరికరం ఒకటి ఉండేది, అది చెడిపోయి చాలా కాలమైంది. చెడిపోయిందని ఎవరూ బాధపడలేదు. దొప్ప ఎప్పుడూ తప్పు చెప్పలేదని వాళ్ల నమ్మకం.

బుధవారం సాయంత్రం పక్కింటాయన మా గుమ్మం ముందు ఆగి సంతోషంగా చెప్పాడు. "వదినా, రింగున్నకాడ్నే సల్లగుంది. మిగిలిన రేకుమీద ఆకు కమురుతుంది గానీ, మేం నిలబడి కొట్టేకాడ పచ్చగ నిలబడ్డది. అన్న సంతకం చేస్తే రేపు పొద్దుగాల దిగుతం."

కిల్న్‌లోకి మనిషి దిగాలంటే ఇన్‌చార్జి ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. అది మా ఆయన పని.

నేనూ సంతోషించాను. అబద్ధం ఎందుకు, సంతోషించాను. ల్యాబు మర్చిపోయి నాలుగేళ్లయింది. లోపలికెళ్లి చిన్నాడికి పాలు పట్టబోయాను. చలికాలం, పాలు త్వరగా చల్లారిపోతాయని గిన్నె చుట్టూ పాత దుప్పటి ముక్క చుట్టి పెట్టేదాన్ని. పైన చెయ్యి వేస్తే చల్లగా ఉంది. చల్లారిపోయాయనుకుని గ్లాసులో పోసి నోటికి అందించాను. వాడు కెవ్వుమన్నాడు. పెదవి ఎర్రగా కందిపోయింది. వాణ్ని ఎత్తుకుని పెదవి మీద నీళ్లు పోస్తూ, నా కళ్లు మాత్రం ఆ దుప్పటి ముక్క మీదే ఉన్నాయి.

పైన చల్లగా ఉన్నది పాలు చల్లారినందుకు కాదు, గుడ్డ మందంగా ఉన్నందుకు.

గొట్టంలో అన్నిటికన్నా చల్లగా ఉన్న చోటు రింగున్న చోటు. మిగతా రేకు మీద ఆకు కమిలిపోతుంటే అక్కడ మాత్రం పచ్చగా నిలిచింది. మూరెడు మందం రాయి లోపలి వేడిని రేకుదాకా రానివ్వడం లేదు. ఆ రాయి గుండెలో ఏముందో దొప్పకి తెలియదు. రేపు దాని కింద నిలబడి గునపం వేస్తారు. పైభాగం ఊడి మీద పడుతుంది.

మా ఆయన అన్నానికి వచ్చేదాకా ఆగలేకపోయాను. చిన్నాడిని చంకనేసుకుని గేటు దగ్గరికి వెళ్లి పిలిపించాను.

"ఏటే, పిల్లాడికేమైంది?"

"వాడికేం కాలేదు. మీరు రేపు సంతకం పెట్టకండి."

చెప్పాను. దుప్పటి గుడ్డ, పాలు, ఆకు, అన్నీ. ఆయన డిప్లొమా చదివాడు, నేను సగం చెప్పేసరికే అర్థమైంది. మొహం మారింది. అయినా అన్నాడు, "పదేళ్లుగా దొప్ప చూసే దిగుతున్నామే."

"ఇంత మందం రింగు ఎప్పుడైనా చూశారా?"

ఆయన వెనక్కి తిరిగి గొట్టం వైపు చూశాడు.

"లోపల బొగ్గు కాలిన విషపు గాలి కూడా ఉంటుంది. వాసన కూడా రాదు. కళ్లు తిరిగి పడిపోయినవాడి మీదే ఆ రాయి కూలితే..."

"ఊరుకో. ఊరుకోమన్నాను కదా." తర్వాత మెల్లగా, "ఆగితే ఓడ పోతాది. పద్దెనిమిది ఇళ్ల బతుకే. నా నోటితో నేను ఎలా ఆపను?"

"చేత్తో ఆపండి. సంతకం పెట్టకండి."

ఆయన పెట్టలేదు. గురువారం పొద్దున్న తలకి తువ్వాళ్లు చుట్టుకుని, గునపాలు పట్టుకుని వచ్చిన వాళ్లందరినీ వెనక్కి పంపాడు. మేనేజరు గదిలోంచి అరుపులు మా పెరట్లోకి వినిపించాయి. మధ్యాహ్నం మేనేజరు స్వయంగా మా గుమ్మంలోకి వచ్చాడు. చెడ్డవాడు కాదు. రాయ్‌పూర్ దగ్గరివాడు, అతనికీ ఇద్దరు పిల్లలు.

"భాభీజీ, ఆప్ సమ్‌ఝాయియే ఉన్‌కో," అన్నాడు. నేనే నచ్చజెప్పాలట. లోపలికి దిగొద్దని చెప్పింది నేనేనన్నాను. అతను నన్ను కాసేపు చూశాడు. కోప్పడలేదు. ఓడ మన భయాల కోసం ఆగదని హిందీలో అని, నమస్తే పెట్టి వెళ్లిపోయాడు. కోప్పడి ఉంటే బాగుండేది.

గురువారం, శుక్రవారం లైను ఇళ్లలో ఎవరికీ పని లేదు. మొగవాళ్లు గుమ్మాల్లో కూర్చుని తంబాకు నలుపుకుంటూ చిమ్నీ వైపు చూశారు. శనివారం పొద్దున్న మా ఆయన సంతకం పెట్టి, అందరికన్నా ముందు తనే దిగాడు. నేను వంట చేయలేదు. పిల్లలకి అటుకులు పెట్టి గోడ దగ్గర నిలబడ్డాను. గునపం చప్పుళ్లు లెక్కపెడుతూ, చప్పుడు ఆగినప్పుడల్లా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతూ.

రింగు ఊడింది. పెద్ద పెద్ద పెచ్చులుగా, దుమ్ముతో. ఎవరికీ ఏమీ కాలేదు.

సాయంత్రం పక్కింటాయన ఒళ్లంతా బూడిదతో వచ్చాడు. చేతిలో తలకాయంత పెచ్చు. తెచ్చి మా గుమ్మంలో, నేను ముగ్గేసిన చోట పెట్టాడు.

"చెయ్యి పెట్టి చూడు వదినా. సల్లగున్నది."

పెట్టాను. చల్లగానే ఉంది. విరిగిన వైపు, లోపలి భాగం కూడా.

"రెండు రోజులైంది కదా తమ్ముడూ. గురువారం ఎలా ఉండేదో..."

"గురువారం ఎట్లుండేదో నువ్వు చూసినవా? నేను చూసిన్నా?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకిప్పటికీ కనిపిస్తుంది. "ఎవ్వడూ చూడలే. చూడనిస్తే గదా."

గురువారం లోపలికి దిగి ఉంటే ఏమయ్యేదో చెప్పగలిగినవాళ్లు ఈ లోకంలో లేరు. రాయి లోపల నిప్పుందేమో. లేదేమో. నేను చదివిన చదువంతా ఆ గురువారం గురించి ఒక్క రుజువు కూడా ఇవ్వలేదు.

బొగ్గు రాలేదు. సోమవారం మేనేజరు గేటు దగ్గర చెప్పాడు, అవతలి ఫ్యాక్టరీవాళ్లు ముందే వెలిగించారనీ, బొగ్గు వాళ్లకి పోయిందనీ, ఇక మన గేటుకి తాళమేననీ. మా ఆయన పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం లేకపోయింది. అందరూ ఆయన వైపే చూశారట.

మా తమ్ముడు విశాఖలో, రేవు యార్డులో గుమస్తా. వాడికి ఫోన్ చేసి ఆ ఓడ సంగతి అడిగాను. "ఆ ఓడ అసలు రాలేదక్కా. నడి సముద్రంలోనే ఎక్కువిచ్చేవాళ్లకి అమ్మీసారు. పోయిన బుధవారమే మాకు కబురొచ్చింది. ఎవరికీ రాలేదు, అవతలి ఫ్యాక్టరీకి కూడా," అన్నాడు. ఫోన్ పెట్టేసి గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. అంటే గురువారం వాళ్లు దిగి ఉంటే, లేని బొగ్గు కోసం దిగి ఉండేవాళ్లు.

పక్కింటికి పరిగెత్తి ఆ అమ్మాయికి చెప్పాను. ఆమె గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. తల ఎత్తకుండానే అంది:

"ఎవరు చెప్పిండ్రు?"

"మా తమ్ముడు."

"నీ తమ్ముడే గదక్కా."

అంతే అంది. వేరెవరైనా అయితే తిట్టేవారు. ఆమె తిట్టలేదు. గిన్నెలో గిన్నె పెట్టుకుంటూ పోయింది. కొంటా వెళ్తారట. అక్కడి నుంచి నది దాటి మిరప తోటల్లోకి. కోతల కాలం, మనుషులు కావాలి, పిల్లలైనా పరవాలేదంటారు. కూతురి బడి సంగతి నేను అడగలేదు. అడిగే మొహం నాకు లేదు.

మా ఆయన ఇంట్లో నన్ను ఒక్క మాట అనలేదు. ఒకసారి మాత్రం అన్నం ముందు కూర్చుని, "నువ్వు ఆ రోజు గేటు కాడికి రాకపోయుంటే..." అని ఆగిపోయాడు. ఆ వాక్యానికి రెండు చివరలున్నాయి. మనుషులు పోయేవాళ్లనో, బొగ్గు దక్కేదనో, ఏదైనా కావచ్చు. కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు.

రెండు వారాల్లో లైనులో సగం ఇళ్లు ఖాళీ అయ్యాయి. పొద్దున్నే ట్రాలీ ఆటోలు వచ్చేవి, మంచాలు, గిన్నెలు, కోళ్ల బుట్టలు ఎక్కించుకుని పోయేవి. పక్కింటివాళ్లు వెళ్లిన రోజు నేను బయటికి వచ్చాను. ఆ అమ్మాయి చెయ్యి ఊపలేదు. ఆమె కూతురు మాత్రం మా పెద్దదాన్ని చూస్తూ కూర్చుంది, ఆటో మలుపు తిరిగేదాకా.

ఆ సాయంత్రం పెద్దది కుళాయి దగ్గర నుంచి ఖాళీ బిందెతో వచ్చింది.

"అమ్మా, అందరూ నాన్న పిరికోడని అంటున్నారు. నాన్న వల్లే భట్టీ మూతపడిందట. వాళ్లు వెళ్లిపోయింది కూడా నాన్న వల్లేనట. నిజమేనా?"

మా ఆయన పక్క గదిలోనే ఉన్నాడు. విన్నాడు. మంచం కిర్రుమని చప్పుడైంది, అటు తిరిగి పడుకున్నట్టు. నేను పిల్లతో రేపు చెబుతానన్నాను. పిల్లలు నిద్రపోయాక నేను రాసుకునే ఈ నోటు పుస్తకం తీసి కూర్చున్నాను. రేపు ఏం చెప్పాలో కాగితం మీద పెడితే తెలుస్తుందేమోనని. ఓడల గురించి రాశాను, కొట్టేశాను. ఎనిమిదేళ్ల పిల్లకి ఆ దేశాల తగువు ఏం చెప్పను? పెద్దవాళ్లకే చెప్పలేకపోయాను. పరవాలేదు, అన్నీ సర్దుకుంటాయని రాశాను. అదీ కొట్టేశాను. సర్దుకునేట్టు నాకేమీ కనిపించడం లేదు. ఫ్యాక్టరీ తెరవరు. ఈ ఇల్లు ఫ్యాక్టరీది. ఆయనకి ఇంకో చోట పని దొరికినా, ఆ గేటు దగ్గర కూడా ఎవరో ఒకరు ఈ కథ వినే ఉంటారు. కిల్న్‌ల మీద పనిచేసేవాళ్ల లోకం చాలా చిన్నది.

పొద్దున్న ఆయన పని వెతుక్కుంటూ జగదల్‌పూర్ బస్సెక్కి వెళ్లాక, పిల్లలిద్దరినీ గుమ్మంలో కూర్చోబెట్టాను. చిన్నాడికి అర్థం కాదని తెలుసు, అయినా కూర్చోబెట్టాను. పెద్దదాని జడ అల్లుతూ చెప్పాను, దాని మొహం నాకు కనపడకుండా.

"నాన్న పిరికివాడు కాదు. లోపలికి అందరికన్నా ముందు దిగింది నాన్నే. ఆ రెండు రోజులు ఆపింది నేను. లోపల నిప్పుందని నాకు అనిపించింది. ఉందో లేదో నాకు తెలియదు, ఎప్పటికీ తెలియదు. కుళాయి దగ్గర ఎవరైనా మళ్లీ అంటే, మా అమ్మే ఆపిందని చెప్పు. పోట్లాడొద్దు. బిందె నింపుకునే రా. నీ స్నేహితురాలు మళ్లీ రాదు, ఆ సంగతి నీకు ఇప్పుడే చెబుతున్నాను. మనం కూడా వెళ్లాలి. ఎక్కడికో నాన్నకీ తెలియదు, నాకూ తెలియదు. జడ అయిపోయింది, లే."